గొలుసు పేజీ

గత నెలలో మా అమ్మ కుట్టుమిషను బాగుచెయ్యడానికి వచ్చినతను కుడిపక్క సొరుగు పూర్తిగా బయటికి లాగి, దాని వెనకాల నలిగిపోయి ఉన్న నోటుబుక్కొకటి తీసి నా చేతికిచ్చాడు. "ఇది అడ్డంపడబట్టే మేడమ్, సొరుగు పూర్తిగా పడట్లేదు," అన్నాడు. అమ్మ మాత్రం ముప్పై ఏళ్ళుగా ఆ మిషను కంపెనీనే తిట్టుకుంటోంది. అట్ట పైమూల ఒక చిల్లు, చిల్లులో జానెడు పురికొస ముక్క. దాన్ని చూడగానే అది ఏ పుస్తకమో నాకు తెలిసిపోయింది, ఎందుకంటే అక్కడ దాచింది నేనే. తెరవడానికి రెండు రోజులు పట్టింది. అందులో ఏడుగురి బలాలూ లోపాలూ రాసి ఉన్నాయి. ఆ ఏడుగురూ వీడియో గేములో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకునే బొమ్మలు. చేతిరాత నాది, మాటలు మా తాతయ్యవి. ఒక్క పేజీలో తప్ప.

అప్పుడు మేము మాచవరంలో ఉండేవాళ్ళం. తాతయ్య, అంటే దానియేలు మాస్టారు, మిషన్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రిటైరయినా మెళ్ళో ఈల మాత్రం తియ్యలేదు. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకుని, వావిలాకు వేసి కాచిన నూనె మోకాళ్ళకు పట్టించుకుని, ఆ చేతులు కడుక్కోకుండానే కాఫీ గ్లాసు పట్టుకునేవారు. మా ఇంట్లో కాఫీకి సగం వావిలాకు వాసనే ఉండేది. సాయంత్రం నాలుగయ్యేసరికి స్కూలు గ్రౌండుకు వెళ్ళి, కబడ్డీ ఆడే పిల్లలను చూస్తూ కూర్చునేవారు. ఎవరూ రమ్మనేవారు కాదు, జీతమూ లేదు. అయినా ఆయన వచ్చి కూర్చుంటే పిల్లలు సర్దుకుని ఆడేవారు. కూతకు వచ్చినవాడు ఎటు తిరగబోతున్నాడో వాడికన్నా ముందు తాతయ్యకు తెలుస్తుందని ఆ చుట్టుపక్కల చెప్పుకునేవారు. ఆయనకు దేని గురించైనా గర్వం ఉందంటే అది ఆ చూపు గురించే.

ఇంటికి రోడ్డువైపున్న గదిని నాన్న అద్దెకిస్తే, మొవ్వ నుంచి వచ్చిన కోటేశ్వరరావుగారు అందులో రెండు వీడియో గేము మిషన్లు పెట్టారు. నిలువెత్తు పెట్టెలు, ముందు రెక్సిన్ బల్ల, బొమ్మలను ఆడించడానికి రెండేసి పుల్లలు, ఆరేసి బొత్తాలు. లోపల వేడెక్కిన వైర్ల వాసన, మిషన్ల మీద ఆయన పొద్దున్నే వెలిగించే అగరొత్తుల వాసన, కుర్రాళ్ళ చెమట వాసన. తాతయ్యకు మండిపోయింది. తమ స్కూలు పిల్లలెవరైనా వస్తే పట్టుకుందామని గుమ్మంలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. రెండు వారాలు కూర్చున్నాక, ఒకరోజు ఆడుతున్న కుర్రాడితో, "ఆ లావాటివాడు పట్టుకోబోయే ముందు భుజం దించుతున్నాడు, గమనించావా?" అన్నారు. వాడు గమనించలేదు. తర్వాతి ఆటలో గమనించి గెలిచాడు. ఆ మర్నాటి నుంచి తాతయ్య కుర్చీ గుమ్మంలోంచి గదిలోకి మారింది. ఆడపిల్లలు లోపలికి రాకూడదని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నేను గడప మీద కూర్చునేదాన్ని. అప్పుడు తొమ్మిదో తరగతి.

ఆ బొమ్మలకు ఏవో పేర్లు తెర మీద పడేవి కానీ అవి ఏ భాషవో మాకు అర్థమయ్యేవి కావు. అందుకని కుర్రాళ్ళే పేర్లు పెట్టుకున్నారు. లావాటివాడు బస్తా. ఒంటికాలి మీద నిలబడి, నడుముకు చెయ్యి ఆనించుకుని ఎదురుచూసే అమ్మాయి కూచిపూడి. "మా ఊరి పక్కనేనండీ కూచిపూడి, అక్కడ ఎవరూ ఇట్లా తన్నరు," అని కోటేశ్వరరావుగారు నొచ్చుకునేవారు కానీ పేరు మారలేదు. తెల్లటి పొడుగు అంగీ వేసుకుని చేతుల్లోంచి వెలుగు ముద్దలు విసిరే ముసలాయన పాస్టరుగారు. ఆ పేరుకు తాతయ్య చాలా అభ్యంతరం చెప్పి, వారం తిరక్కుండా తనే వాడటం మొదలుపెట్టారు. ఇక కోతి, చెరుకుగడ, ఎర్రచొక్కా. చివరివాడు గొలుసు. ముంజేతికి చుట్టుకున్న ఇనప గొలుసును తెర ఈ చివర నుంచి ఆ చివరకు విసరగలడు.

మధ్యాహ్నం కరెంటు పోయేది. పోతే రెండు గంటలు రాదు. మిషన్లు ఆగిపోయేవి, కుర్రాళ్ళు అరుగు మీద విసనకర్రలతో కూర్చుని, ఎవడు గొప్ప అని వాదించుకునేవారు. ఆ వాదనలు భరించలేక తాతయ్య నోటుబుక్కు తెప్పించారు. కబడ్డీ జట్టుకు ఆయన అలాగే రాయించేవారట, ఒక్కొక్క ఆటగాడికి ఒక పేజీ, పైన బలం, కింద లోపం. ఆయన చేతికి వణుకు వచ్చేసింది కాబట్టి రాసే పని నాది. కరెంటు పోయినప్పుడే చెప్పేవారు, తెర వెలుగుతుంటే కంటికి మాత్రమే పని చెప్పాలనేవారు. బస్తా గురించి చెప్పింది ఇది: "బలం: చేతికి చిక్కితే సగం ప్రాణం తీస్తాడు. దెబ్బకు వెనక్కి పోడు. లోపం: ఎగరకూడదు. ఎగిరితే దిగేలోపు ఎదుటివాడు కాఫీ తాగి రావచ్చు." కూచిపూడికి కాలే బలం, కానీ గిర్రున తిరిగి తన్నాక పాదం నేలకు ఆనడానికి లిప్తపాటు పడుతుంది, కొడితే అప్పుడే కొట్టాలి. పాస్టరుగారు దూరం నుంచి ఎంతైనా చెప్పగలరు, దగ్గరకెళ్ళి అడిగితే జవాబుండదు. ఇది చెప్పి తాతయ్య తనలో తనే నవ్వుకున్నారు, ఆదివారం గుళ్ళో ప్రసంగం మధ్యలో ఆ నవ్వు మళ్ళీ వస్తే దగ్గు కింద మార్చుకున్నారు. ఎర్రచొక్కాకు అన్నీ వచ్చు, అన్నీ కొంచెం కొంచెమే వచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళను వాడితోనే మొదలుపెట్టమనేవారు. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు, వీళ్ళలో ఎవడూ అందరికన్నా గొప్పవాడు కాడు అని ఆయన తీర్పు. నేను రాయడం అయ్యాక, "రాశావా?" అనేవారు. "రాశాను." "చాలు." ఒక్కసారి కూడా తీసి చూసుకోలేదు. పుస్తకాన్ని పురికొసతో మిషన్ల మధ్య మేకుకు వేలాడదీశారు, కావలసినవాళ్ళు చదువుకోవచ్చు.

ఇంకో పద్ధతి కూడా ఆయనే పెట్టారు. ఆట అయ్యాక ఓడినవాడు ముందుగా గెలిచినవాడి బలం ఒకటి చెప్పాలి. తర్వాత గెలిచినవాడు తన ఆటలో లోపం ఒకటి చెప్పాలి. ఇద్దరూ చెప్పాకే తర్వాతవాళ్ళు కూర్చోవాలి. ఈ ఉపన్యాసాల వల్ల టైము పోతోందని కోటేశ్వరరావుగారు మొదట్లో గొణిగారు. కానీ కాలర్లు పట్టుకోవడాలు ఆగిపోయాయి, మిషను మీద గుద్దడాలు ఆగిపోయాయి, ఆయనా ఊరుకున్నారు. నాకు ఆ పద్ధతి చూడటానికే సరదాగా ఉండేది. ఓడి, మొహం కందగడ్డ చేసుకున్నవాడు కూడా ఒక్క క్షణం ఆలోచించి, ఎదుటివాడిలో ఒక మంచి గుణం వెతికి పట్టుకునేవాడు.

మా అన్నయ్య శామ్యూల్ గొలుసుతో ఆడేవాడు. అన్నయ్య నోట్లో నాలుక లేనివాడు. ఆ ఏడు పదో తరగతి లెక్కల్లో తప్పాడు. ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే మా నాన్న రోజూ అన్నం దగ్గర ఎవరో ఒకరి పిల్లల మార్కులు వడ్డించేవారు. అన్నయ్య తలెత్తకుండా తిని లేచిపోయేవాడు. వాడు నిటారుగా కూర్చునేది ఆ మిషను ముందే. మిగతా కుర్రాళ్ళందరికీ తాతయ్య పక్కన నిలబడి మెళకువలు చెప్పేవారు, అన్నయ్యకు మాత్రం ఒక్క ముక్క చెప్పేవారు కాదు. నేనడిగితే, "సొంత మనవడికి చెబితే తక్కిన పిల్లలు ఏమనుకుంటారు?" అన్నారు. ఆయన న్యాయం అంత పద్ధతిగా ఉండేది. అన్నయ్య వంతుకు అందులో ఏమీ వచ్చేది కాదు.

ఎండాకాలం సెలవుల చివర్లో కోటేశ్వరరావుగారు పోటీ పెట్టారు. గెలిచినవాడి పేరు మిషను పైన గోడ మీద పెయింటుతో రాయిస్తామన్నారు. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది కానీ, ఆ గోడ మీద అన్నయ్య పేరు చూడాలని నేను రోజూ ప్రార్థనలో అడిగాను. చివరికి మిగిలేది అన్నయ్యా, నాగరాజూ అని అందరికీ తెలుసు. నాగరాజు ఉయ్యూరు నుంచి బస్సులో వచ్చేవాడు, వాళ్ళ నాన్న చక్కెర ఫ్యాక్టరీలో పని. పుల్లలా ఉండే మనిషి, బస్తాతో ఆడేవాడు. తాతయ్య చెప్పింది తు.చ. తప్పకుండా చేసేవాడు కాబట్టి ఆయనకు ఇష్టుడు.

పోటీకి రెండు రోజుల ముందు కరెంటు పోయినప్పుడు, తాతయ్య గొలుసు పేజీ తియ్యమన్నారు. అప్పటికి బలం మాత్రమే రాసి ఉంది. "లోపం దొరికింది, రాసుకో," అన్నారు. "గొలుసు విసిరాక అది తిరిగి చేతికి వచ్చేదాకా వాడి చేతులు ఖాళీ. అప్పుడు ఎగరకుండా, నేల మీద నడిచి వెళ్ళి పట్టుకోవాలి. బస్తాకు వీడు సులువు." ఎవరి ఆట చూసి ఈ లోపం పట్టారో నాకు తెలుసు. నెల రోజులుగా అన్నయ్య వెనక కూర్చుని, వాడికి ఒక్క మాట సాయం చెయ్యకుండా, వాడి గుట్టు పట్టి మేకుకు తగిలిస్తున్నారు. నాకు ఒళ్ళు మండింది. పెన్ను ఆపకుండా ఇలా రాశాను: "లోపం: పైనుంచి వచ్చే దెబ్బకు వీడి దగ్గర జవాబు లేదు. గొలుసు విసరకముందే ఎగిరి మీద పడాలి. బస్తాకు వీడు సులువు." చివరి వాక్యం తాతయ్యదే, అందుకని మిగతాదీ ఆయనదిలాగే ఉంది. "రాశావా?" అన్నారు. రాశానన్నాను. "చాలు," అన్నారు.

ఆదివారం గుడి నుంచి వచ్చి, కోడికూర అన్నం తిని, అందరూ ఆ గదిలో చేరారు. చొక్కాకు ఫ్యాక్టరీ చెరుకు మడ్డి వాసనతో నాగరాజు వచ్చాడు. ఆట ముందు మేకు దగ్గర నిలబడి, వరసల కింద వేలు పెట్టుకుంటూ గొలుసు పేజీ రెండుసార్లు చదివాడు. నేను గడప మీద కూర్చుని వాడి వేలునే చూశాను. ఆట మొదలైంది. బస్తా ఎగిరాడు. అన్నయ్య గొలుసును పైకి విసిరి గాల్లోనే పట్టి నేలకు కొట్టాడు. బస్తా లేచి మళ్ళీ ఎగిరాడు. వెనక ఎవరో "ఎగరమాకరా" అన్నారు. నాగరాజు వినలేదు. పోటీ నడిచేటప్పుడు ఎవరికీ ఏమీ చెప్పకూడదని తాతయ్య నియమం పెట్టుకున్నారు. రెండు ఆటలూ అలాగే అయ్యాయి, మూడోది అవసరం కాలేదు.

పద్ధతి ప్రకారం నాగరాజు లేచి, "శామ్యూలు తొందరపడడండి, ఎదుటివాడు వచ్చేదాకా ఆగుతాడు," అన్నాడు. అన్నయ్య వంతు వచ్చింది. వాడి మొహం అంత వెలుగుతుండగా నేను అంతకు ముందు చూడలేదు. ఆ సంతోషంలో వాడు నిజం చెప్పేశాడు. "గొలుసు ఇసిరాక అది తిరిగొచ్చేదాకా నా చేతులు ఖాళీయే. నడిచొచ్చి పట్టుకుంటే నేనేం చెయ్యలేను. నాగరాజు ఎందుకో ఎగిరాడు."

తాతయ్య కుర్చీలోంచి లేచారు. "అదే కదరా పుస్తకంలో ఉంది," అన్నారు.

"లేదండి మాస్టారూ, ఎగరమనే ఉంది," అన్నాడు నాగరాజు.

"ఎస్తేరమ్మా, గొలుసు పేజీ చదువు."

మేకు నుంచి పుస్తకం తీసి చదివాను. రాసింది రాసినట్టు చదివాను. గది మొత్తం నా వైపు చూస్తోంది. తాతయ్య అంతా విని, "నేను అట్లా చెప్పానా?" అన్నారు. ఆయన గొంతులో అనుమానం లేదు. దారి మర్చిపోయిన మనిషి పక్కవాణ్ణి అడిగినట్టు నన్ను అడిగారు.

"అవును తాతయ్యా, అట్లాగే చెప్పారు," అన్నాను.

రాసినది కోపంలో చేసిన పని. ఈ మాట అన్నది మాత్రం పూర్తి తెలివితో. తాతయ్య నాగరాజు భుజం మీద చెయ్యి వేసి, "నాది పొరపాటు బాబూ. గెలిచే ఆట నేను పోగొట్టాను," అన్నారు. అంతమంది కుర్రాళ్ళ ముందు ఒక పెద్దాయన అలా అనడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

గోడ మీద నీలం రంగుతో అన్నయ్య పేరు పడింది. తర్వాతి పరీక్షలో వాడు లెక్కలు పాసయ్యాడు. ఆ పేరుకూ ఆ పాసుకూ సంబంధం ఉందని నాకు నేను చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. తాతయ్య కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. వయసుకు మించి బాగుందని డాక్టరు చెప్పారు. ఆయన నమ్మలేదు. "కన్ను కాదమ్మా, లోపల ఏదో సడలింది," అని మా అమ్మతో అన్నారు. గదిలోంచి కుర్చీ తీయించేశారు. ఈలను తలుపు వెనక తగిలించారు. స్కూలు గ్రౌండు నుంచి పిల్లలు రెండు మూడుసార్లు పిలవడానికి వచ్చారు. "వద్దు బాబూ, నేను చెప్పేది నేనే నమ్మలేకపోతున్నా," అని పంపేశారు. నేను పుస్తకాన్ని మేకు నుంచి తీసి సొరుగు వెనక్కి తోసేసి, ఎవరో పట్టుకుపోయారని కోటేశ్వరరావుగారికి చెప్పాను. కంచే చేను మేసిందంటారు, అది నేనే.

ఆ తర్వాత ఆయన నాలుగేళ్ళు బతికారు. సాయంత్రం నాలుగింటికి గ్రౌండుకు పోవాల్సిన మనిషి అరుగు మీద కూర్చుని రోడ్డు చూసేవారు. మోకాళ్ళకు నూనె రాసే పని నాకు వచ్చింది. రోజూ ఆయన పాదాల దగ్గర కూర్చుని, ఈ రోజు చెప్పేయాలి అనుకుంటూ నూనె రాసి, చేతులు కడుక్కుని లేచిపోయేదాన్ని. చెబితే ఆయన నన్ను కొట్టేవారు కాదు, తిట్టేవారు కూడా కాదు. చెబితే అన్నయ్య పేరు గోడ మీద నుంచి పోతుంది. మొదట్లో అదే భయం. తర్వాత తర్వాత, నేనేమిటో ఆయనకు తెలిసిపోతుందన్న భయం. నాకు ఆయన మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమ ఒక్క వాక్యం చెప్పడానికి సరిపోలేదు.

ఇప్పుడు నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఎవరూ అడక్కపోయినా చేతిరాతకు విడిగా ఐదు మార్కులు వేస్తాను. ఆ మధ్య మా అన్నయ్య కొడుకు ఫోనులో ఇలాంటి ఆటే ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ప్రతి బొమ్మ పక్కనా దాని బలం ఎంతో, వేగం ఎంతో ఫోనే గీతలు గీసి చూపిస్తోంది. "దీనికి లోపం ఉంటే ఎలారా?" అంటే, "ఎక్కువమంది కంప్లైంట్ చేస్తే కంపెనీవాళ్ళే మార్చేస్తారు అత్తా, అప్‌డేట్ వస్తుంది," అన్నాడు. మంచిదే. ఆ రోజుల్లో బస్తా ఎగరలేకపోతే ఎప్పటికీ ఎగరలేడు, కూచిపూడి పాదం ఎప్పటికీ లిప్తపాటు ఆలస్యమే. వాళ్ళ లోపంతోనే వాళ్ళతో ఆడాలి. చూసి చెప్పడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి మాటను ఉన్నదున్నట్టు రాయడానికి ఇంకో మనిషి కావాలి. ఈ గీతలకు ఆ అవసరం లేదు. వాటిని చూస్తే, నాలాంటిదాని చేతికి పెన్ను ఇవ్వని కాలం వచ్చింది, ఒకందుకు నయమే అనిపించింది.

పుస్తకం దొరికాక అన్నయ్యకు ఫోను చేసి మొత్తం చెప్పాను. వాడు గుంటూరులో బ్యాంకులో ఉన్నాడు. "గోడ మీద పేరు గుర్తుందే. ఎవరి మీద గెలిచానో గుర్తులేదు," అన్నాడు. తర్వాత మెల్లగా, "తాతయ్య గ్రౌండుకి పోవడం మానేసింది దీనికా?" అన్నాడు. రెండు రోజుల తర్వాత తనే కనుక్కుని నాగరాజు నంబరు పంపించాడు.

నాగరాజు ఇప్పుడు గన్నవరంలో ఉన్నాడు, విమానాశ్రయానికి టాక్సీలు తిప్పుతాడు. శనివారం ఒంటిపూట బడి అయ్యాక బస్సెక్కి వెళ్ళాను. రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీ వేసి, టీ చెప్పి, "గుర్తుపట్టలేదు కదండీ? ఇప్పుడు నేనే బస్తా అయ్యాను," అని పొట్ట నిమురుకున్నాడు. మాస్టారి మనవరాలినని చెప్పి ఫోను చేసినప్పటి నుంచీ నన్ను ఎస్తేరుగారూ అంటున్నాడు. పుస్తకం చేతికిచ్చాను. పేజీలు తిప్పుతూ నవ్వుకుంటూ గొలుసు దగ్గర ఆగాడు. అప్పటిలాగే వరసల కింద వేలు పెట్టాడు. ఇక ఆగితే చెప్పలేనని తెలిసి, "ఆ లోపం తాతయ్య చెప్పింది కాదండీ, నేను మార్చి రాశాను. ఆయన అడిగినప్పుడు కూడా అబద్ధం చెప్పాను," అన్నాను.

నాగరాజు వేలు తియ్యలేదు. టీ వచ్చింది, కుర్రాడు గ్లాసులు పెట్టి వెళ్ళాడు. "రెండోసారి ఎగిరినప్పుడే తెలిసిందండీ, ఇది తప్పని," అన్నాడు.

"మరి మళ్ళీ ఎందుకు ఎగిరారు?"

"మాస్టారు చెప్పాక నాకేం తెలుసులే అనుకున్నా. ఆయన చూపు ముందు నా చూపెంత." గ్లాసు తీసుకుని, తాగకుండా మళ్ళీ పెట్టాడు. "ఆ తర్వాత ఆయన గ్రౌండుకి రాలేదు కదండీ. నేను ఓడిపోయి పరువు తీశానని రావట్లేదేమో అనుకున్నా, ఇన్నాళ్ళూ."

నేను క్షమించమన్నాను. ఆ మాట ఎంత చిన్నదో బయటికి వచ్చాక తెలిసింది. అతను సరేనని గానీ, పర్వాలేదని గానీ అనలేదు. టీ గ్లాసు తీసి ఒక్క గుక్క తాగాడు. తర్వాత, "వరస తప్పిందండీ," అన్నాడు. "ఓడినవాడు ముందు చెప్పాలి. మీరు మీ లోపం ముందే చెప్పేశారు. ఇప్పుడు నేను మీ బలం చెప్పాలి."

వద్దన్నాను. మాస్టారి పద్ధతి మాస్టారిదే కదా అన్నాడు. గొలుసు పేజీని వెలుతురుకు తిప్పి, ఆ గదిలో కుర్రాళ్ళు ఆలోచించినట్టే ఒక్క క్షణం నిజంగా ఆలోచించాడు.

"మీ చేతిరాత చాలా బాగుండేదండీ," అన్నాడు. "ఏ అక్షరానికా అక్షరం విడిగా, ముత్యంలాగా. అది చూసే నమ్మాను."